క్లబ్బుల వోటు, కుర్రవాని ఆట

1934లో వెలసిన హైదరాబాదు క్రికెట్ సంఘము చరిత్ర అల్పమైనది కాదు. నవానగరును ఓడించి 1937-38లో రంజీ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు, మరల 1986-87లోగాని దానిని అందుకొనలేదు. గులాం అహ్మద్, జయసింహ, అజహరుద్దీన్ ఈ మైదానములనుండియే భారత జట్టుకు ఎదిగినారు.

అయినను సంఘమును ఏలునది ఆట కాదు, వోటు; ఆ వోటు ప్రధానముగా క్లబ్బులది. పలు క్లబ్బులు ఒకే కుటుంబము గుప్పిట నున్నచో ఎండలో బంతి విసరు పిల్లవానికి దిక్కెవరు? ఈ చిక్కు విప్పుటకు సుప్రీంకోర్టు 2023లో నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారు 57 క్లబ్బులను ఎన్నికలకు దూరముంచినారు. కఠినమే, మేము మాత్రము హర్షించినాము.

క్లబ్బులకు వోటే వలదని మేమనము. సొంత సొమ్ముతో మ్యాటింగు, బంతులు సమకూర్చు కార్యదర్శులు లేనిదే లీగు లేదు. (వారిలో ఎందరికో బ్యాటు పట్టు వయసు దాటినది, ఆశ దాటలేదు.) కాని వోటడుగు క్లబ్బు ఏటా ఎన్ని ఆటలాడినది, ఎందరు కొత్తవారిని దించినది లెక్క చూపవలెను. ఖమ్మము, నిజామాబాదు బాలురు నగరపు క్లబ్బు గడప త్రొక్కకయే సెలెక్టర్ల కంటబడునట్లు లీగు ఆటలు జిల్లాలలోను జరుపవలెను. స్కోరుపుస్తకము, ఎంపిక జాబితా ప్రక్కప్రక్కనే అంటించిన చాలును. తక్కినది తల్లిదండ్రులే చదువుకొందురు.