పాఠంలో మామ్మ ఎక్కడ?

బరంపురంలో మన సంఘం హాలులో ఆదివారం ప్రొద్దుట జరిగే తెలుగు తరగతిని గూర్చి ఈ శీర్షికలో ఇదివరకు ఒకటి రెండు సార్లు ముచ్చటించుకున్నాము. పిల్లలు తగ్గిపోతున్నారని వాపోయాను. తప్పు పిల్లలదీ, వారిని పంపని తల్లిదండ్రులదీ అని కూడా వ్రాశాను. ఆ మాట ఈ నెల వెనక్కు తీసుకుంటున్నాను. కారణం చిత్తగించండి.

మా తరగతికి వచ్చే పాప ఒకతె ఉన్నది. చదివేది ఆరవ తరగతి. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా, ఇంట్లో ఆ రెండూ కలగలుపు. ఇంట్లో నిండుగా తెలుగు మాట్లాడేది మామ్మ ఒక్కతే. ఆమెకు ఒడియా రాక కాదు, బజారులో బేరం ఒడియాలోనే చేస్తుంది. కాని ఒంట్లో బాగులేనప్పుడు ఆమె నోట తెలుగే వస్తుంది. అది ఎవరికైనా అంతే గదా!

ఒక సాయంత్రం తల్లీ తండ్రీ ఇంట లేని సమయంలో మామ్మకు ఆయాసం వచ్చింది. "గూట్లో మాత్రున్నాది, తెచ్చీయమ్మా" అన్నది. గూడు అన్న మాట పాపకు తెలుసు. నేర్పినవాణ్ణి నేనే. మా గోడ మీది పటంలో చెట్టుకొమ్మ, దాని మీద గడ్డి గూడు, అందులో నోళ్లు తెరచిన పిట్టపిల్లలు ఉన్నాయి. పాప పెరట్లోకి పరుగెత్తి జామచెట్టు క్రింద నిలబడి, కొమ్మల వంక చూస్తున్నది. అంతలో తల్లి వచ్చింది గనుక సరిపోయింది. మంచం ప్రక్కన గోడలో ఉన్న గూటి నుంచి మాత్ర తీసి ఇచ్చింది.

తల్లి ఈ సంగతి నాతో నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పాప నా దగ్గర ఒక సంవత్సరం చదువుకున్నది. ఋషి, ఐరావతము, ఖడ్గము, ఔషధము అన్నీ వ్రాయగలదు. ఔషధము వ్రాయనేర్చిన పిల్లకు మామ్మ అడిగిన మాత్ర ఎక్కడుందో తెలియలేదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ పాప మొదటి రోజుల్లో "ఇదేటి పంతులుగారూ?" అని అడిగేది. "ఏటి కాదు, ఏమిటి అనాలి" అని నేను ప్రతిసారీ దిద్దేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడమే మానేసింది. బుద్ధిమంతురాలైందని సంతోషించాను. నిజానికి ఆమె మామ్మ దగ్గర తెచ్చుకున్న కాస్త తెలుగునూ నేను గుమ్మం దగ్గరే ఆపేశాను.

మన ప్రాంతంలో ఉంటూ ఈ తప్పు చేయడం మరీ సిగ్గు. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసినది మన పర్లాకిమిడిలోనే. అప్పట్లో అది గంజాం జిల్లా, మద్రాసు రాజధాని. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బరంపురంతోపాటు అదీ ఇటు వచ్చింది. ఆయన కొండసవరల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు పుస్తకం పట్టుకొని వెళ్లలేదు. వారి మాట తాను నేర్చుకున్నారు. ఆ భాషలోనే పాఠాలు వ్రాసి, బడులు పెట్టించారు. సవర భాషకు నిఘంటువు కూర్చారు. అది 1938లో అచ్చయింది. జనం నోట ఉన్న తెలుగుకు పుస్తకంలో చోటు కావాలని జీవితమంతా వాదించిన పెద్ద ఆయన. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా మన హాలులోనూ జరుపుకుంటున్నాము. పటానికి దండ వేసిన చేత్తోనే పిల్ల నోటి "ఏటి"ని కొట్టివేశాను.

ఇక జరిగిన మార్పు చెబుతాను. పెద్ద ఖర్చేమీ కాలేదు. పాత పెళ్లి శుభలేఖల వెనుక తెల్లగా ఉన్న అట్టలను చీటీలుగా కత్తిరించాము. ప్రతి పిల్లా వారం వారం ఇంట్లో పెద్దవారి నోట విన్న మాటలు మూడు తేవాలి. ఆ మాట విన్నది విన్నట్టుగా చీటీ మీద వ్రాస్తాము. వెనుకవైపు పుస్తకాలలో ఎలా వ్రాస్తారో అదీ వ్రాస్తాము. మొదటిది తప్పు, రెండవది ఒప్పు అనము. ఒకటి ఇంటి మాట, ఒకటి పుస్తకపు మాట అంటాము. మొదటి చీటీ ఆ పాపదే. ఒక ప్రక్క పిట్టగూడు, ఒక ప్రక్క గోడగూడు తానే బొమ్మలు వేసి తెచ్చింది.

నేతపని తెలిసిన ఒక తాతగారిని ఒక ఆదివారం పిలిచాము. బరంపురం పట్టుచీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాము గాని, పడుగు ఏది, పేక ఏది, నాడె అంటే ఏమిటి అంటే మన పిల్లలకు తెలియదు. ఆయన ఒక పీటకు దారాలు కట్టి చూపించారు. ఆ మూడు మాటలూ పిల్లలు ఇంతవరకు మరువలేదు. రెండేండ్ల కొకసారి వచ్చే ఠకురాణి యాత్రను గూర్చి వారే అయిదారు వాక్యాలు చెప్పగా మేము వ్రాసి, దానినే వాచకంగా చదివించాము. తాము చెప్పినది అచ్చరాలలో కనబడేసరికి పిల్లల ముఖాలు చూడవలసినదే!

ఒడియా వచ్చిన పిల్లలకు తెలుగు కష్టమని కొందరు పెద్దలు అంటారు. నాకు రెండూ వచ్చును గనుక ధైర్యంగా చెబుతున్నాను, అది కష్టం కాదు, ఆసరా. మధుసూదన రావుగారి వర్ణబోధ 1895 నాటిది. దానితో అక్షరాలు దిద్దిన పిల్లకు అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరుస ముందే వచ్చును. ళ కూడా ఒడియాలో ఉన్నది. చిక్కు వచ్చేది రెండు చోట్లనే. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ అనీ రెండు లేవు. అందుచేత పిల్లలు నెలను నేల అంటారు, మెడను మేడ అంటారు. రెండవది, ఒడియా అలవాటు చొప్పున "కల" అన్న మాటను "కొలొ" అని చదువుతారు. ఈ రెంటికీ ప్రత్యేకంగా చీటీలు చేసుకున్నాము. నెల – నేల, మెడ – మేడ, కొన – కోన. గుంటూరులోనో, వరంగల్లులోనో వ్రాసిన వాచకంలో ఈ పాఠం ఉండదు. ఉండవలసిన పనీ లేదు. అది మనకు కావలసిన పాఠం, మనమే వ్రాసుకోవాలి.

సంఘంలో ఒక పెద్దాయన అడిగారు: "ఇలా ఇంటి మాటలతోనే సరిపెడితే రేపు పోతన పద్యం ఎలా అర్థమవుతుందోయ్?" అని. న్యాయమైన ప్రశ్నే. పద్యం మానలేదు, నెలకొకటి చదివిస్తూనే ఉన్నాము. అయితే ముందు మామ్మ మాట తెలిసిన పిల్లకు తరువాత పోతన అందుతాడు. మామ్మ మాటే తెలియని పిల్లకు పద్యం వట్టి చప్పుడు. పుస్తకపు మాట నేర్పవద్దని కాదు నేననేది. అది రెండవ మెట్టు అంటున్నాను.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి కల్పించాలని మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. ఆ వసతి కోసం అర్జీలు పెట్టవలసినదే, పెడుతున్నాము కూడా. కాని ఎంత మంచి సర్కారైనా మన ఇంటి గోడలో గూడున్నదని పాఠం వ్రాసి పంపదు గదా!

అందుచేత పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవారు వాడే మాటలు, పిల్లలకు తెలియనివి, ఒక పది వ్రాసి సంఘం చిరునామాకు పంపండి. ఎవరు, ఏ సందర్భంలో అంటారో కూడా వ్రాయండి. సోలాపురం వారివి, హోసూరు వారివి, యానాం వారివి వేరుగా ఉంటాయి. వేరుగానే ఉంచుదాము. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరు చెబుతారు. చెప్పేవారు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఆలస్యం చేస్తే ఉండకపోవచ్చును.

ఆ పాప పోయిన ఆదివారం తన మూడు చీటీలూ ఇచ్చి, "మరి మీ ఇంట్లో మాటలేటి పంతులుగారూ?" అని అడిగింది. నేను దిద్దలేదు. వచ్చే వారం తెస్తానని చెప్పాను.