ఇంటి గుట్టా? ఊరి జాడ్యమా?



మొన్నటి వేసవిలో ఒకనాటి యుదయమున, వనపర్తిలో మా పొరుగింటి యిల్లాలు వాచిన కంటితో మా గుమ్మమున నిలిచి, "గడప తగిలి పడితిని అక్కా" అనెను. ముందటి రాత్రి ఆ యింట కంచము విసరిన చప్పుడును, పిల్లవాని యేడ్పును మేము వినియుంటిమి. విని, కిటికీ మూసికొంటిమి. తెల్లవారిన పిమ్మట నైనను నిజమడుగక, "పసుపు అద్దుము" అని చెప్పి పంపితిమి. ఆమె చెప్పినది నిజము కాదని మాకు తెలియును. మాకు తెలియునని ఆమెకును తెలియును.

నిండుకొలువులో కీచకుడు సైరంధ్రిని తన్నినపుడు విరాటరాజు ఊరకుండెనని చదివి, ఆయనను మేమెన్నిమారులో నిందించితిమి. కిటికీ మూసికొనిన మాకును ఆయనకును భేదమేమి?

ఒక యింట కలరా పుట్టినచో అది వారి యింటి గుట్టని యెవ్వరును ఊరకుండరు. నీరు కాచి త్రాగుదురు, బావిలో మందు వేయింతురు, వైద్యునకు కబురంపుదురు. ఇంటిలోని దెబ్బయు నట్టి జాడ్యమే. 1996లోనే ప్రపంచ ఆరోగ్య సభ హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించినది. దెబ్బతినిన తల్లికి గాయమే గాక దిగులును, నిద్రలేమియు పట్టుకొనును. కడుపుతో నున్నచో బిడ్డకును ముప్పే. అది చూచుచు పెరిగిన పిల్లలు రేపు కొట్టువారుగనో, దెబ్బలు పడువారుగనో అగుట హెచ్చని పరిశోధకులు కనుగొనిరి. పొరుగింటి పిల్లవాడు బడిలో తోడివారిని కొట్టుచున్నాడని మా యింటివారు చెప్పినపుడు, అంటువ్యాధి యనగా నిదియే గదా యని తోచినది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 యేండ్ల వయస్సు గల తెలంగాణ వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్తచేతి హింసకు గురియైనట్లు తేలినది. దేశమంతటికిని లెక్క నూటికి 29. అంతకన్న దుఃఖకరమైన లెక్క మరియొకటి కలదు. అత్తమామలను గౌరవింపకున్నను, ఇల్లును బిడ్డలను కనిపెట్టకున్నను, ఎదురు చెప్పినను, వంట చెడినను, ఏదో యొక కారణమునకు భార్యను కొట్టుట తగునని మన రాష్ట్రమున నూటికి 84 మంది స్త్రీలే చెప్పిరి! జాడ్యము మగవారి చేతులలో నున్నదని మన మందుము. దానికి అన్నము పెట్టి పెంచునది మన నోటిమాటయే. "నీవేమంటివో ముందు చెప్పు", "ఆడుదానికి ఓర్పు కావలెను", "పిల్లల మొగము చూచి సర్దుకొనుము" అని యెన్నిమారులు అనియుంటిమో తలచికొనుడు.

నోటిమాటతో పెరిగినది నోటిమాటతో తగ్గునా? తగ్గును. ఉగాండా దేశపు కంపాలా నగరమున కొన్ని పేటలలో సామాన్యులైన స్త్రీపురుషులే ఇరుగుపొరుగులతో ఈ విషయమును యేండ్ల తరబడి ముచ్చటించిరి. మిగిలిన పేటలకన్న అచట భర్తలు కొట్టుట సగమునకు తక్కువగా నున్నట్లు 2014లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. మన తెలుగు స్త్రీలును తక్కువవారు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుచున్న స్త్రీలు, మగవాడు త్రాగివచ్చి కొట్టుట తమ తలవ్రాత కాదని గ్రహించి సారా దుకాణము మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలకు ప్రాకగా 1993లో నాటి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది.

కావున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సోదరీమణులకు మా మనవి యిది. పొరుగింటామె కొంగు చాటున దెబ్బను దాచుకొనినచో, ఆమె ఒంటరిగా నున్నపుడు మెల్లగా అడుగుడు. చెప్పినది నమ్ముడు. నలుగురిలో పెట్టకుడు. ఆమె భర్తను మీరు నిలదీయకుడు; ఆ కోపము తిరిగి ఆమె మీదికే వచ్చును. 181 నంబరునకు రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును, ప్రాణభయమైనచో 112. జిల్లాలలోని సఖి కేంద్రములలో వైద్యము, పోలీసు సాయము, న్యాయసలహా, కొలదిదినములు తలదాచుకొను చోటు లభించును. 2005 నాటి గృహహింస చట్టము ప్రకారము పొరుగువారైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారి మీద కేసు ఉండదు.

పోయిన మాసమున మేము పొరుగింటామెను ఒంటరిగా కూర్చుండబెట్టి అడిగితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "ఇన్నాళ్లకు అడిగితివా అక్కా" అనెను. ఆమె యింకను ఆ యింటనే యున్నది; ఏమి చేయవలెనో ఆలోచించుకొనుచున్నది. ఆ నంబరును కంఠస్థము చేసికొనినది. ఏ జామున తట్టినను తలుపు తీయుదుమని మేము మాట యిచ్చితిమి. మా కిటికీ ఇప్పుడు తెరచియే యున్నది.