ఒకటో తరగతికి వ్యాను అవసరమా?

మా కుందుర్పి పక్క జూన్ నెల వచ్చిందంటే రెండు లెక్కలు మొదలవుతాయి. బుడ్డలు విత్తేదానికి పదును ఎప్పుడొస్తుందనేది ఒకటి, పిల్లల్ని ఏ స్కూల్లో వేద్దామనేది రెండోది. మొదటిది మన చేతుల్లో లేదు. రెండోది ఉంది కాబట్టి, దాని గురించి నాకు తోచింది రాస్తున్నాను.

మా అక్క కూతురు ఒకటో తరగతికొచ్చింది. ఊళ్ళో గవర్నమెంటు బడి నడిచిపోయేంత దూరమే. మా బావ మాత్రం కళ్యాణదుర్గంలో ప్రైవేటు స్కూలుకే వ్యాన్లో పంపాలంటాడు. "నువ్వు బెంగుళూర్లో ఉద్యోగం చేస్తాండావంటే ఇంగ్లీషు వల్లే కదప్పా!" అనేది ఆయన పాయింటు. నా ఓటు మాత్రం ఊరి బడికే. ఎందుకంటే...

మొదట ఇంగ్లీషు సంగతి. ఇది పాత కారణం. 2020 నుంచి మన రాష్ట్రంలో గవర్నమెంటు బడి పిల్లలకు ఇస్తున్నవి ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీలో తెలుగు, దాని ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. ఇది కర్ణాటక హద్దు, కొన్ని ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారు. అలాంటి ఆరేళ్ళ పిల్లకి అర్థం కాని భాషలో లెక్కలు నేర్పడం కన్నా, అర్థమయ్యే భాష పక్కనుండటం మేలు కదా.

రెండోది, ప్రైవేటులో చదువు బాగుంటుందనే నమ్మకం. అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి గవర్నమెంటు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే. సిగ్గుపడాల్సిన అంకె, దాచేది లేదు. ప్రైవేటులో ఇంతకంటే మెరుగే, కానీ అక్కడా సగానికి పైగా చదవలేరు. పైగా ఆ తేడా స్కూలుదా, ఇంటిదా? ఫీజు కట్టగలిగిన ఇంట్లో చదువుకున్న అమ్మ ఉంటుంది, ట్యూషన్ ఉంటుంది.

దీన్ని విడదీసి చూసిన పరీక్ష ఒకటి మన దగ్గరే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్ళలో లాటరీ తీసి, కొందరు పిల్లలకు ప్రైవేటు స్కూలు ఫీజు ఇప్పించారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే లాటరీ తగిలిన పిల్లలకూ తగలనివాళ్ళకూ తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు స్కూళ్ళు ఒక్కో పిల్లాడి మీద పెట్టిన ఖర్చు గవర్నమెంటు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంటే సర్కారు సిగ్గుపడాల్సింది చాలా ఉంది. కానీ జేబులోంచి ఫీజు కట్టే తండ్రికి దానివల్ల ఒరిగేదేంటి?

మూడోది డబ్బు. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం. పార్టీ మారింది, పేరు మారింది గానీ రెండూ ప్రైవేటు పిల్లల తల్లులకూ వస్తాయి. దాంతో 'ఫీజు సర్కారే కడుతోంది' అనే భావన వచ్చేసింది. ఆ డబ్బు స్కూలుకి కాదు, పిల్లకి. ఊరి బడిలో వేస్తే అది ఇంట్లోనే మిగులుతుంది. పైగా మధ్యాహ్నం వేడన్నం, గుడ్డు, చిక్కీ (మన బుడ్డల ఉండే లెండి). వ్యాన్లో రానూపోనూ పోయే టైము ఆటకి మిగులుతుంది.

అయితే గవర్నమెంటు బడి ఏదైనా సరే అనడం లేదు. ఒక్క టీచరు అయిదు తరగతులు చూస్తున్న బడిలో నా మేనకోడల్ని కూడా వెయ్యమనను. 2022లో జీవో 117 తెచ్చి చాలా చోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికొక టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు మొదలుపెట్టారు. అదే ఏడాది మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. కాబట్టి బిల్డింగు రంగు చూడకండి. బడికెళ్ళి టీచర్లెంతమంది, రోజూ వస్తారా, రెండో తరగతి పిల్ల కథ చదివి చెప్పగలదా అని చూడండి. ఇవే ప్రశ్నలు ప్రైవేటు స్కూల్లోనూ అడగండి. అక్కడ టై, బెల్టు చూసి వచ్చేస్తాం తప్ప ఇవి అడగం!

చివరిగా అసలు విషయం. కరువొస్తే మా పక్క సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. అమ్మానాన్న బెంగుళూరు కూలికి పోతారు, పిల్లలు జేజి దగ్గరుంటారు. వాళ్ళకు ఊరి బడి తప్ప దిక్కు లేదు. టీచరు పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. మనలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గుర్ని వ్యానెక్కిస్తే బడిలో సంఖ్య తగ్గుతుంది, ఒక టీచరు పోతారు, జేజి దగ్గరున్న పిల్ల నష్టపోతుంది. ఇంకోటి, సారు రాకపోతే వెళ్ళి అడిగేది కూడా సాధారణంగా ఆ ఫీజు కట్టగలిగినవాళ్ళే. వాళ్ళే లేకపోతే అడిగేదెవరు?

'నీకు పిల్లలు లేరు కదా, ఉంటే తెలుస్తుంది' అంటారేమో. ఊరి కోసం పిల్లని త్యాగం చెయ్యమని నేననడం లేదు. టీచర్లు సరిగ్గా ఉన్నచోట పిల్లకి వచ్చే నష్టమేమీ లేదు, ఊరికి లాభముంది అంటున్నానంతే. బావ ఇంకా ఒప్పుకోలేదు. అయిదో తరగతి దాకా ఊళ్ళో చదివించి, ఆ తర్వాత వ్యాను సంగతి చూద్దామని బేరం పెట్టాను. మీరైతే ఏం చేస్తారు?