నాలుక మీద దొంగ పటం

నాలుక కొస తీపికి, పక్కలు ఉప్పుకీ పులుపుకీ, వెనక భాగం చేదుకి. ఈ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు కొట్టేసిన తరాలు మనవి. ఇది శుద్ధ అబద్ధం. అబద్ధమని తేలి యాభై ఏళ్లు దాటినా, ఇప్పటికీ పిల్లల చేత రంగులేయిస్తూనే ఉన్నాం.

ఏడో తరగతిలో లేచి నిలబడి, "కాకరకాయ నాలుక కొసకి తగిలినా చేదేనండీ" అన్నాను. "పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు మాస్టారు. పీరియడ్ అయ్యేదాకా బెంచీ ఎక్కించారు. ఆయన నోట్లోనూ నాలుక ఉంది. ఒక్క కాకర చక్రం కొసన పెట్టుకుంటే పేచీ అక్కడే తీరిపోయేది. పెట్టుకోలేదు. నా మంటంతా దాని గురించే.

1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల వెంట చుక్క చుక్కా వేసి, ఎక్కడ ఎంత పలచటి రుచి తెలుస్తుందో కొలిచాడు. తేడా ఉంది కానీ ఆవగింజంత. 1942లో హార్వర్డ్ ఆచార్యుడు ఎడ్విన్ బోరింగ్ ఆ లెక్కల్ని తన పుస్తకంలో గ్రాఫుగా ఎక్కించాడు. ఆ గీతలు చూసినవాళ్లకి 'కాస్త తక్కువ' కాస్తా 'అసలు లేదు' అయిపోయింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ అనే పరిశోధకురాలు మళ్లీ కొలిచి, తేడా లెక్కలోకి రానంత చిన్నదని తేల్చింది. ఆ మాట మన బడి గడప తొక్కనే లేదు.

అసలు సంగతి పటం కంటే ఎంత గొప్పదో! రుచి మొగ్గలు నాలుక మీదే కాదు, అంగిట్లో ఉన్నాయి, గొంతు మొదట్లో ఉన్నాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 కణాలు. సుమారు పది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి పుడతాయి. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెదా సముద్రపు నాచు చారులో 'ఉమామి' అనే అయిదో రుచిని పట్టుకున్నాడు. మన బొమ్మలో దానికి సెంటు స్థలం కూడా లేదు!

ఇక మన మిరప కారం. అది మొగ్గలకు తెలిసే రుచే కాదు, ఒట్టి మంట. వేడినీ నొప్పినీ పసిగట్టే నాడుల్ని మిరపలోని కాప్సైసిన్ రెచ్చగొడుతుంది. ఆ కీలకాన్ని 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకున్న ప్రతి అమ్మకీ ఇందులో సగం తెలుసు. కంటికి రుచి మొగ్గలున్నాయా మరి?

"ఒక్క బొమ్మ తప్పయితే కొంపలు మునిగాయా?" అంటారు. మునిగాయి. నీ నాలుకను నమ్మకు, అచ్చయినదాన్ని నమ్ము అని పన్నెండేళ్ల పిల్లకి నేర్పేశాం. రేపు ఫోన్లో వచ్చిన ప్రతి చిట్కా వైద్యాన్నీ ఆ పిల్ల కళ్లు మూసుకుని మింగితే, తప్పెవరిది?

ఈసారి ఉగాదికి పచ్చడి కలిపే ముందు, ఒక వేపపువ్వు పిల్లల నాలుక కొసన పెట్టండి. మొహం చిట్లించగానే సైన్సు పుస్తకం తెరిచి, ఆ బొమ్మను వాళ్ల చేతే కొట్టేయించండి. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో.