వంటింటి గ్యాసుతో పచ్చిక కోత

మన ఇళ్లలో అన్నం వండే గ్యాసుతో అమెరికాలో గడ్డి కోస్తున్నారంటే పల్లెటూరి గృహిణికి అది వింతగానే తోచవచ్చు. అయితే ఆ దేశంలో చాలా ఏళ్లుగా జరుగుతున్నది ఇదే. ఉద్యానవనాలు, పాఠశాలల మైదానాలు, కార్యాలయాల ఆవరణలు, శ్మశానవాటికలు మొదలైన చోట్ల కాంట్రాక్టు పద్ధతిపై పచ్చిక కోసే సంస్థలలో కొన్ని తమ యంత్రాలకు పెట్రోలు మాన్పించి ప్రొపేన్ వాయువును అలవాటు చేశాయి. కాలుష్యాన్ని తగ్గించే మార్గంగా దీనికి మంచి పేరే వచ్చింది. ఆ పేరులో నిజమెంత, అమ్మకందారు ప్రచారమెంత అన్నది మాత్రం విడదీసి చూడవలసిన విషయం.

అమెరికాలో పచ్చిక అంటే ఇంటిముందు నాలుగు గజాల అలంకారం కాదు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2005లో వెలువడిన ఒక అధ్యయనం అక్కడి పచ్చిక విస్తీర్ణాన్ని సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లుగా అంచనా వేసింది. ఇది నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విస్తీర్ణానికి దాదాపు సమానం. తినడానికి గింజ రాని, పశువుకు మేత కాని ఇంత గడ్డిని వసంతం మొదలు శరదృతువు వరకు పదేపదే కోస్తూనే ఉండాలి. ఆ దేశపు ఇంధన శాఖ గడ్డి కోత యంత్రాల ప్రత్యామ్నాయ ఇంధనాలపై ఒక కరదీపికను ప్రచురించింది. దాని లెక్క ప్రకారం ఈ పనికి ఏటా 120 కోట్ల గ్యాలన్ల పెట్రోలు ఖర్చవుతుంది. మన కొలతలో చెప్పాలంటే 450 కోట్ల లీటర్లు. ఇందులో 35 శాతం వృత్తిగా కోసేవారి యంత్రాలదే.

ప్రొపేన్ అన్నది మనకు కొత్త పదార్థం కాదు. మన ఎల్.పి.జి. అంటే ప్రొపేన్, బ్యుటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. బ్యుటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా మారిపోతుంది. ప్రొపేన్ అయితే మైనస్ 42 డిగ్రీల వరకు వాయువుగానే ఉంటుంది. మంచు కురిసే దేశం కాబట్టి అమెరికాలో అమ్మేది దాదాపు శుద్ధమైన ప్రొపేన్. గడ్డి కోసే పెద్ద యంత్రాలకు సాధారణంగా అమర్చే బండ సుమారు 15 కిలోలది, అంటే మన ఇంటి 14.2 కిలోల బండకు తోబుట్టువు వంటిది. బండలోని ద్రవం ఆవిరిగా మారి, రెగ్యులేటరు గుండా పీడనం తగ్గించుకొని, గాలితో కలిసి ఇంజనులోకి చేరుతుంది. ఇంజను మాత్రం పాతదే, పెట్రోలు ఇంజను వంటిదే.

ఇందులోని అసలు మేలు ఇంజను లోపల కంటే వెలుపలే ఎక్కువగా ఉంది. పెట్రోలు డబ్బాతో పోసేటప్పుడు నేలపై కొంత ఒలుకుతుంది, ట్యాంకు మూత సందుల్లోంచి కొంత ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఎండలో ఇతర వాయువులతో కలిసి నగరాలను కమ్మే పొగమంచుకు ముడిసరుకవుతుంది. ప్రొపేన్ మూసివున్న వ్యవస్థలో ఉంటుంది కనుక ఒలకడం, ఆవిరి కావడం బాగా తగ్గుతాయి. పెట్రోలు దొంగతనానికీ వీలుండదు. యజమానులు మెచ్చుకొన్న గుణాలలో ఇదీ ఒకటి. బొగ్గుపులుసు వాయువు విషయంలో మాత్రం లాభం పరిమితం. అంతే శక్తికి పెట్రోలు కంటే సుమారు పదో వంతు తక్కువ, అంతకు మించి కాదు. ఇంజను సరిగా సర్దకపోతే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు ప్రొపేన్ నుండీ వెలువడుతుంది.

ఖర్చు లెక్క ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. ఒక లీటరు ప్రొపేన్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో దాదాపు ముప్పాతిక వంతే. మూడు లీటర్ల పెట్రోలుతో అయ్యే పనికి నాలుగు లీటర్ల ప్రొపేన్ కావాలి. కనుక పెట్రోలు ధర వంద ఉన్నచోట ప్రొపేన్ డెబ్బయి అయిదుకు లోపు దొరికితేనే గిట్టుబాటు. లీటరు ధరలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూపే ప్రకటనలు ఈ మాటను దాటవేస్తాయి.

మరి ఈ ఇంధనాన్ని ముందుకు తోసింది ఎవరు? అమెరికాలో ప్రొపేన్‌కు గిరాకీ ప్రధానంగా చలికాలంలో ఇళ్లను వేడిచేయడానికి, శరత్కాలంలో మొక్కజొన్నను ఆరబెట్టడానికి. వేసవి వచ్చేసరికి అమ్మకాలు పడిపోయి నిల్వలు పేరుకుంటాయి. గడ్డి పెరిగేది సరిగ్గా ఆ నెలల్లోనే! ప్రొపేన్ అమ్మకాలపై గ్యాలనుకు ఇంతని వసూలు చేసే రుసుముతో నడిచే ప్రొపేన్ విద్యా పరిశోధనా మండలి అక్కడ ఉంది. 1996 నాటి చట్టం దీనికి మూలం. 2010 తర్వాతి సంవత్సరాలలో ఈ మండలి కొత్త ప్రొపేన్ యంత్రం కొన్నవారికి 1,000 డాలర్లు, పాత యంత్రాన్ని మార్పించుకొన్నవారికి 500 డాలర్లు ప్రోత్సాహకంగా ఇచ్చింది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. సరుకు ఉన్నవాడు కొనేవాడిని వెతుక్కొంటాడు. అయితే పర్యావరణం పేరుతో సాగిన ఈ ప్రయత్నానికి వేసవి వ్యాపారం కూడా ఒక బలమైన కారణమని గుర్తిస్తేనే లెక్క పూర్తవుతుంది.

2021 అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ కథను మలుపు తిప్పింది. గవర్నరు గావిన్ న్యూసమ్ సంతకం చేసిన చట్టాన్ని అనుసరించి ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి 25 అశ్వశక్తి వరకు ఉండే చిన్న ఇంజన్లపై నిబంధన చేసింది. 2024 నమూనాలు మొదలు కొత్తగా అమ్మే గడ్డి యంత్రాలు పొగ ఏమాత్రం విడువరాదు. వృత్తిపనివారు వాడే గడ్డి యంత్రం ఒక గంట నడిస్తే వెలువడే పొగమంచు కారకాలు 2017 నాటి ఒక కారు 300 మైళ్లు నడిచినంత అని ఆ మండలి చెప్పింది. ‘ఏమాత్రం’ అన్న మాట దగ్గరే ప్రొపేన్ కూడా ఆగిపోయింది. పెట్రోలు కంటే మెరుగు అన్న వాదన అక్కడ చెల్లలేదు; మిగిలింది బ్యాటరీ ఒక్కటే. ఉన్న యంత్రాలు వాడుకోవచ్చు, చిన్న సంస్థలు బ్యాటరీ యంత్రాలు కొనుక్కోవడానికి 3 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ సొమ్ము ఏ మూలకూ చాలదని పచ్చిక కోత వృత్తివారు వాపోయారు. రోజంతా పనిచేయాలంటే ఒక్కో యంత్రానికి అదనపు బ్యాటరీలు మోసుకుపోవలసిన వారి బాధ అర్థం చేసుకోదగినదే.

యంత్రం వెనుక నడిచే మనిషి మాట ఈ చర్చలలో చివరికి గాని రాదు. ఆ పొగను తొలుత పీల్చేది అతడే. ఈ పనిలో మెక్సికో నుండి వలస వచ్చినవారి సంఖ్య చాలా ఎక్కువ. వ్యవసాయేతర తాత్కాలిక పనులకు అమెరికా ఇచ్చే హెచ్-2బి వీసాలలో పచ్చిక, తోట పనులదే అగ్రస్థానం. పని కోసం ఎల్లలు దాటడం ఎరిగిన మన కుటుంబాలకు ఆ మనిషి పరిస్థితి వేరుగా వివరించనక్కరలేదు. ఏ ఇంధనం వాడాలో అతడిని అడిగి నిర్ణయించిన యజమానులు ఎందరుంటారు?

ఇక మన వంటింటి సంగతి. భారతదేశం వాడే ఎల్.పి.జి.లో సగానికి పైగా దిగుమతే. చిరకాలంగా అది గల్ఫ్ దేశాల నుండి వస్తోంది, ధరకు కొలబద్ద సౌదీ అరేబియా ప్రకటించే రేటు. 2025 నవంబరులో ప్రభుత్వరంగ చమురు సంస్థలు 2026 సంవత్సరానికి 22 లక్షల టన్నుల ఎల్.పి.జి.ని అమెరికా నుండి తెప్పించుకొనే ఒప్పందం చేసుకొన్నాయి. ఇది మన ఏటి దిగుమతిలో దాదాపు పదో వంతు. టెక్సాస్ రాష్ట్రంలోని మాంట్ బెల్వ్యూ మార్కెట్టు ధర దీనికి ఆధారం. అంటే అమెరికా గడ్డి యంత్రాల వాడు గ్యాసు కొనే ధరా, మన ఇంటి బండ ధరా ఒకే పలకమీద రాయబడే రోజు వచ్చిందన్నమాట.

వాళ్లు గడ్డికి వాడేయడం వల్ల మన బండ ధర పెరుగుతుందని దీనికి అర్థం కాదు. గడ్డి కోతకు పోయేది ఆ దేశపు ప్రొపేన్‌లో స్వల్పభాగం. అక్కడి చలి తీవ్రత, ప్లాస్టిక్ పరిశ్రమల కొనుగోళ్లు, ఓడల కిరాయి ధరను అంతకంటే ఎంతో ఎక్కువగా కదిలిస్తాయి. ఆ కుదుపు సామాన్యుడిపై పూర్తిగా పడకుండా ఆపడానికి ఖర్చూ తక్కువ కాదు. ఇంటి గ్యాసును నష్టానికి అమ్మినందుకు మూడు చమురు సంస్థలకు 30,000 కోట్ల రూపాయల పరిహారాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో ఆమోదించింది. హోటళ్లు వాడే 19 కిలోల బండకు ఆ రక్షణ లేదు.

మన తోటలలో కూడా గ్యాసుతో గడ్డి కోయవచ్చునా అని ఎవరికైనా ఆలోచన వస్తే, దానికి సాంకేతికమైన అడ్డంకి ఉంది. భుజాన తగిలించుకొని మన రైతులు వాడే గడ్డి మిషన్లలో ఎక్కువ భాగం ఆయిలు కలిపిన పెట్రోలుతో నడిచేవి. ఇంజను లోపలి రాపిడిని తగ్గించేది ఆ ఆయిలే. గ్యాసుకు మారిస్తే ఆ తడి ఉండదు, పైగా బండ బరువు భుజం మీద పడుతుంది. అమెరికాలో గ్యాసు ఇమిడినది మనిషి కూర్చొని నడిపే పెద్ద యంత్రాలలో. ఇంటి బండను వాహనానికి గాని యంత్రానికి గాని మళ్లించడం 2000 నాటి ఎల్.పి.జి. ఉత్తర్వు ప్రకారం నేరం కూడాను. గ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోక నేలబారున పాకి గుంటలో చేరుతుంది. ఆటోలకు గ్యాసు వాడుకొనే వీలు 2000లోనే మోటారు వాహన చట్ట సవరణతో వచ్చింది. అయితే దానికి వేరే ట్యాంకు, వేరే బంకు. ఇంటి బండ నుండి గొట్టం వేసి ఆటోకు ఎక్కించే పద్ధతి మాత్రం ఎక్కడ కనిపించినా పక్క ఇళ్లవారు వెంటనే ఆపించవలసినదే.