సైకిలు పేరిట విందు

మంచి పనికి విందు చేసి నిధి సేకరించుట మన నగరాలకు కొత్త కాదు. అనాథాశ్రమాలకు, ఆసుపత్రులకు, కడకు ముషాయిరాలకు సైతము ఈ విధముగా ధనము చేకూరినది. ఇటీవల ఆ వరుసలో సైకిలు కూడా చేరినది. హైదరాబాదులో సైకిలు వాడుకను ప్రోత్సహించు ఒక స్థానిక బృందము వారి విందుకు మిత్రుని ఆహ్వానముపై నేనును వెళ్ళినాను.

వారి సంకల్పమును శంకించుట నా ఉద్దేశము కాదు. పొగతోను, రద్దీతోను ఊపిరాడని నగరానికి ఏదో మేలు చేయవలెనన్న తపన వారి మాటలలో స్పష్టముగా ఉన్నది. అతిథులు దాదాపు అందరును కార్లలోనే వచ్చినారు. అదియును తప్పు పట్టదగినది కాదు. పట్టుచీరలతో రాత్రివేళ సైకిలెక్కి రమ్మని ఎవరనగలరు? నన్ను ఆలోచింపజేసినవి ప్రసంగాలు. సేకరించిన నిధితో ఆదివారపు యాత్రలు, పోటీలు జరుపుతామన్నారు. పాలక్యానులు, పత్రికల కట్టలు, కూరగాయల గంపలు మోయు సైకిళ్ళ ప్రసక్తి ఒక్క వక్త నోటనైనా రాలేదు.

2011 జనగణన ప్రకారము దేశములో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. కారు వంటి వాహనము గలవి నూటికి 5 కూడా లేవు. సంఖ్యలో సైకిలువాడు అల్పుడు కాడు. రోడ్డుపై మాత్రము అతడికి అంచుననున్న మట్టి, మురుగుకాలువ మూతలు మిగిలినవి.

ఒక వక్త హాలెండు దేశపు సైకిలు బాటల చిత్రాలు చూపి, అది ఆ జాతి సంస్కారమన్నాడు. అంత సులభమా? ఆ దేశములో 1971లో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించినారు. అందు 400 మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్య ఆపండి’ అను నినాదముతో తల్లిదండ్రులు వీధుల కెక్కినారు. 1973 చమురు సంక్షోభములో కొన్ని ఆదివారాలు ప్రభుత్వమే కార్లను ఆపివేసినది. 1975లో సైక్లిస్టులు తమ సంఘమును స్థాపించుకొన్నారు. ఆ బాటలు విందులలో పుట్టలేదు. ప్రభుత్వాన్ని అడుగగా, అడుగగా వచ్చినవి.

అంత దూరమెందుకు? తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల ఆరంభమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు గ్రామీణ స్త్రీలు వేల సంఖ్యలో సైకిలు నేర్చినారు. వారిలో ముస్లిం యువతులును ఉన్నారు. వెక్కిరింపులను లెక్కచేయక వారు నీళ్ళ బిందెలు, సరుకులు, పిల్లలను సైకిలుపై మోసినారు. మన విద్యార్థినులు తెలిసికొనదగిన చరిత్ర ఇది.

మన నగరములోను 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. చూడముచ్చటైనదే. కాని నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరుల వైపునున్న ఆ బాట పాతబస్తీలో తెల్లవారుజామున పత్రికలు పంచు కుర్రవానికి ఏమి ఉపకరించును?

జకాత్ ధనమును దాత తన తల్లిదండ్రులకు గాని, సంతానమునకు గాని ఇచ్చుకొనరాదని మనకు నియమమున్నది. ఇచ్చినది తిరిగి తన ఇంటికే రాకుండుటకే ఆ కట్టడి. విందు నిధి జకాత్ కాదు, నిజమే. అయినను సైకిలు పేరిట పోగైన ధనము దాతల ఆదివారపు వినోదానికే మరలిపోయినచో దానిని దానమనుటకు నాకు నోరు రాదు. అవసరము కొద్దీ సైకిలు తొక్కువానికి అందులో మొదటి భాగము ఉండవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన విద్యార్థులలో ఎందరు సైకిలుపై వచ్చుచున్నారో, ఎందరు లారీలకు భయపడి మానినారో లెక్క తీయుటకు ఒక వారము చాలును. విద్యార్థులే ఆ పని చేయగలరు. ఆ లెక్కతో, మన గేటు ముందరి రోడ్డున సైకిళ్ళకు కొంత భాగము గీత గీసి విడువుమని నగరపాలక సంస్థకు అర్జీ పెట్టవచ్చును. విందు చేసిన ఆ బృందము వారును దానిపై సంతకము చేయుదురనియే నా నమ్మకము.