సుంకం ఎవరి మీద, భారం ఎవరి మీద?

2025 సెప్టెంబరులో మన హాస్టల్‌లో జరిగిన వక్తృత్వ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. "విదేశాల అన్యాయ వాణిజ్యానికి దిగుమతి సుంకాలే సరైన జవాబు" అన్నది అంశం. అనుకూలంగా మాట్లాడిన తమ్ముడిది పల్నాడు. వాళ్ళ నాన్న కౌలుకు పత్తి వేస్తాడు. వ్యతిరేకంగా మాట్లాడిన తమ్ముడిది ఒంగోలు వైపు. వాళ్ళ అమ్మ రొయ్యల ప్లాంటులో రొయ్యలు ఒలుస్తుంది. ఇద్దరిదీ ఒకే గది.

"బయటి పత్తిపై సుంకం ఎత్తేస్తే మా నాన్న పత్తికి ధర ఎక్కడ వస్తుంది?" అన్నాడు మొదటి తమ్ముడు. "అమెరికా మన రొయ్యలపై సుంకం పెంచాక మా అమ్మకు వారంలో మూడు రోజులే పని దొరుకుతోంది. సుంకం మంచిదని నేనెలా అనగలను?" అన్నాడు రెండో తమ్ముడు. ఇద్దరికీ సమానంగా మార్కులు వేసి తప్పించుకున్నాను. భోజనాల దగ్గర ఒక జూనియర్ పట్టుకున్నాడు. "అన్నా, మార్కులు సరే, మీ అభిప్రాయం ఏమిటి?" ఏదో చెప్పి మాట దాటేశాను. ఆ బాకీ ఈ సంచికలో తీర్చుకుంటున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. సుంకం కట్టేది ఎగుమతి చేసే దేశం కాదు. సరుకు దింపుకునే దేశంలోని వ్యాపారి తన ప్రభుత్వానికే కడతాడు. అతడు ఆ భారాన్ని తన దగ్గర ఉంచుకోడు. కొంత కొనుగోలుదారుడి మీద వేస్తాడు, మిగతాది అమ్మేవాడికి ఇచ్చే ధరలో కోస్తాడు. కావున సుంకం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న "ఎవరి మీద వేశారు" అని కాదు, "చివరికి ఎవరి మీద పడింది" అని.

అన్యాయ వాణిజ్యం అనేది కట్టుకథ కాదు. పత్తి కథే చూడండి. అమెరికాలో పత్తి పండించేవారు సుమారు 25 వేల మంది. 1999 నుంచి 2003 వరకు వారికి అక్కడి ప్రభుత్వం సుమారు 1,200 కోట్ల డాలర్లు సబ్సిడీగా ఇచ్చింది. ధర పడినా వారికి నష్టం లేదు కనుక పండిస్తూనే పోయారు, ప్రపంచ ధర ఇంకా పడింది. ఆదిలాబాద్‌లో, వరంగల్‌లో, గుంటూరులో అప్పు తెచ్చి పత్తి వేసిన రైతు ఆ ఖజానాతో పోటీ పడవలసి వచ్చింది. ఇది పందెం కాదు, ఒకడి కాళ్ళు కట్టేసి పరుగెత్తమనడం.

బ్రెజిల్ దీనిపై 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2005లో అప్పీలులోనూ గెలిచింది. అయినా అమెరికా సబ్సిడీలను సరిగా మార్చలేదు. చివరకు ప్రతీకార చర్య తీసుకునే హక్కు 2009లో బ్రెజిల్‌కు దక్కింది. 2010 మార్చిలో బ్రెజిల్ 102 అమెరికా వస్తువుల జాబితా ప్రకటించి, ఫలానా తేదీ నుంచి వీటిపై సుంకం పెంచుతామంది. అమెరికా కంపెనీల పేటెంట్ హక్కులను కూడా పక్కన పెడతామని హెచ్చరించింది. ఆ సుంకాలు అమలులోకి రాకముందే అమెరికా మాటలకు దిగి, బ్రెజిల్ పత్తి రంగానికి ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వివాదం ముగించుకుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. బ్రెజిల్ ముందు అన్యాయాన్ని రుజువు చేసింది, ఆ తర్వాతే సుంకం మాట ఎత్తింది. అదీ బేరం కోసమే. రెండోది, ఇదే పత్తి గోడును బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు 2003లోనే వెళ్ళబోసుకున్నాయి. వాటి చేతిలో బెదిరించే బలం లేదు. వాటికి సానుభూతి మాటలు దొరికాయి కానీ బ్రెజిల్‌కు అందిన పరిహారం అందలేదు. అనగా సుంకం అనే ఆయుధం న్యాయం ఉన్నవాడికి కాదు, బలం ఉన్నవాడికి పనిచేస్తుంది.

ఇప్పుడు రొయ్యల సంగతి. అమెరికా రొయ్యల వేటగాళ్ళ ఫిర్యాదు మీద 2005లో ఆ దేశం మన రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం వేసింది. చాలా కంపెనీలకు అది సుమారు 10 శాతం. మనతో పాటు థాయిలాండ్, వియత్నాం, చైనా, ఈక్వడార్, బ్రెజిల్ కూడా జాబితాలో ఉన్నాయి. ఇరవై ఏళ్ళు గడిచాయి. అక్కడి వేటగాళ్ళు బాగుపడ్డారా? అమెరికావారు తినే రొయ్యల్లో 90 శాతానికి పైగా ఇప్పటికీ దిగుమతి సరుకే. సుంకం వల్ల సరుకు వచ్చే దేశాల వరుస మారింది తప్ప వారి పడవలకు పాత రోజులు రాలేదు.

2024 డిసెంబరులో మన రొయ్యలపై సబ్సిడీ పేరిట మరో సుంకం కలిసింది. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు అనేక సరుకులపై 25 శాతం, ఆ తర్వాత ఇంకో 25 శాతం వేసింది. ఆ రెండో 25 శాతం మనం రష్యా నుంచి చమురు కొంటున్నందుకట! రష్యా చమురుకూ, తెల్లవారుజామున ప్లాంటు బస్సు ఎక్కి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే తల్లికీ ఏమిటి సంబంధం? ఆ తర్వాత ఈ అంకెలు మారుతూ వచ్చాయి. కానీ అంకె మారేలోగా చెరువు గట్టు మీద కౌంటు ధర పడిపోయింది. రైతు పిల్ల వేయడం తగ్గిస్తే ప్లాంటులో పని తగ్గుతుంది. పని తగ్గితే ముందు ఇంటికి పంపేది రోజు కూలీనే.

అయితే పల్నాడు తమ్ముడి మాట తప్పా? కాదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో మన ప్రభుత్వం విదేశీ పత్తిపై అన్నీ కలిపి 11 శాతం సుంకం వేసింది. 2025 ఆగస్టు 19 నుంచి దాన్ని ఎత్తేసి, మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించింది. అమెరికా దెబ్బ తిన్న బట్టల పరిశ్రమకు చవకగా పత్తి అందాలన్నది ఉద్దేశం. ఆ పరిశ్రమలోనూ మనలాంటి ఇళ్ళ ఆడపిల్లలే కుట్టుమిషన్ల మీద పనిచేస్తున్నారు, కాదనను. కానీ మన చేలలో పత్తి ఏరే కాలం అక్టోబరు నుంచి మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకే తలుపు తెరిచారు. అమెరికాలో వేసిన సుంకం దెబ్బ తిరుపూరు మీదుగా వచ్చి పల్నాడు కౌలు రైతుకు తగిలింది.

తమ్ముడు ఒప్పుకోవలసిన నిజం కూడా ఒకటుంది. 11 శాతం సుంకం ఉన్న 2024-25లోనూ బయట ధర మద్దతు ధరకు అందలేదు. సీసీఐ సుమారు కోటి బేళ్ళు కొనవలసి వచ్చింది. అంటే సుంకం ఒక గోడ మాత్రమే. ఇంట్లో పొయ్యి వెలగాలంటే గోడ ఒక్కటే చాలదు. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటిందంటే సీసీఐ కొనదు. కౌలు కాగితం లేనివాడికి అక్కడిదాకా వెళ్ళడమే కష్టం. వాడు ఊళ్ళోనే దళారికి అమ్ముకుంటాడు. ఆ రైతుకు సుంకం కన్నా కౌలు గుర్తింపు, ఆరబెట్టుకునే కల్లం, ఊరి దగ్గర కొనుగోలు కేంద్రం ఎక్కువ మేలు చేస్తాయి.

కాబట్టి నా తీర్పు ఇది. సుంకం మందులాంటిది. రోగం తేలాక, మోతాదు చూసి, గడువు పెట్టి వాడితే మేలు చేస్తుంది. కోపంతో విసిరితే రాయి అవుతుంది. ఏ ప్రభుత్వం సుంకం వేసినా, మన ప్రభుత్వమైనా సరే, మూడు ప్రశ్నలు అడగాలి. అవతలివాడి అన్యాయం రుజువైందా? ఈ భారం చివరికి ఏ ఇంటి మీద పడుతుంది? ఎప్పుడు ఎత్తేస్తారు? ఈ మూడింటికీ జవాబున్న సుంకాన్ని నేను సమర్థిస్తాను. బ్రెజిల్ దగ్గర జవాబులున్నాయి. 2025లో అమెరికా దగ్గర లేవు. మనం పత్తి సుంకం ఎత్తేసినప్పుడు కూడా రెండో ప్రశ్న ఎవరూ పల్నాడు వెళ్ళి అడగలేదు.

ఈ ప్రశ్నలు అడిగే గదుల్లో మనవాళ్ళు తక్కువ. వాణిజ్య ఒప్పందాలు రాసేవారిలో పత్తి ఏరినవాళ్ళ పిల్లలు, రొయ్యలు ఒలిచినవాళ్ళ పిల్లలు ఎంతమంది ఉన్నారు? తమ్ముళ్ళారా, గ్రూప్స్‌కో, సివిల్స్‌కో చదివేటప్పుడు ఎకనామిక్స్‌ను మార్కుల కోసమే చదవకండి. మీ ఇద్దరి ఇళ్ళ లెక్కా ఆ పుస్తకంలోనే ఉంది. అన్నట్టు, ఆ పోటీలో ఇద్దరికీ సమానంగా మార్కులు వేసినందుకు ఇప్పుడు నాకు చింత లేదు. ఒకే గదిలో పడుకునే ఆ ఇద్దరూ ఒకరి బాధ ఒకరు విన్నారు. సుంకాలు నిర్ణయించే పెద్దలు చేయని పని అదే.

— ఒక పూర్వ విద్యార్థి